అరుదైన జబ్బులు, గోదావరి డెల్టా వైద్య విద్య

అరుదైన వ్యాధికి ప్రపంచమంతటా ఒకే కొలత లేదు. అమెరికాలో 2 లక్షల మందికంటే తక్కువ మందికి ఉన్న జబ్బును అరుదైనదిగా లెక్కిస్తారు. ఐరోపా సమాఖ్యలో ప్రతి 10 వేల మందిలో ఐదుగురికి మించకూడదన్నది లెక్క. భారతదేశం ఇంతవరకు అలాంటి అంకె ఏదీ ఖాయం చేయలేదు. గుర్తించిన అరుదైన వ్యాధులు వేల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం జన్యుపరమైనవి, చాలావరకు చిన్నతనంలోనే బయటపడేవి. ఇన్ని జబ్బుల పేర్లు బట్టీ పట్టడం ఏ వైద్య విద్యార్థికీ సాధ్యం కాదు. అందుకే ఈ చదువులో సమాచారంకంటే అలవాటుకే విలువ ఎక్కువ. మామూలు జబ్బు అనుకున్నది మామూలు మందుకు లొంగనప్పుడు అనుమానించడం, సరైన ప్రశ్న అడగడం, ఎవరి దగ్గరకు పంపాలో తెలిసి ఉండడం ఆ అలవాటులో భాగాలు.

గోదావరి డెల్టాలో ఈ చదువుకు మరో చిక్కు ఉంది. ఇక్కడి విద్యార్థులు చదివిన పుస్తకాలు చాలాకాలం ఇంగ్లండు నుంచి వచ్చాయి. ఆ పుస్తకాలు ఒక మూలన పడేసిన బోదకాలు ఇక్కడ వీధివీధినా కనిపించేది. అవి అంతగా పట్టించుకోని లోపం ఒకటి ఇక్కడి ఒక సామాజిక వర్గంలో తరచుగా ఉండేది. ఏది అరుదో ఏది కాదో ప్రాంతాన్ని బట్టి, అక్కడి పెళ్లి సంబంధాలను బట్టి, నీటిని బట్టి, దోమను బట్టి మారుతుంది. నూరేళ్లలో ఈ ప్రాంతపు వైద్య విద్య నెమ్మదిగా నేర్చుకున్న పాఠం ఇదే.

మద్రాసు చదువుల కాలం

ధవళేశ్వరం ఆనకట్ట 1852 నాటికి పూర్తయి కాలువలు పారాక డెల్టాలో పంటలు పెరిగాయి, జనం పెరిగారు, చదువులూ పెరిగాయి. వైద్యం చదవాలంటే మాత్రం మద్రాసు వెళ్లవలసిందే. కోస్తా తెలుగు జిల్లాలకు దగ్గరలో వైద్య కళాశాల వచ్చింది 1923లో, విశాఖపట్నంలో. అదే తరువాత ఆంధ్ర వైద్య కళాశాల అయింది.

అంతకుముందు మద్రాసుకు వెళ్లినవారిలో యల్లాప్రగడ సుబ్బారావు ఒకరు. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో బడిచదువు మొదలుపెట్టిన ఆయన మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గట్టెక్కారు. ఆయన అన్నదమ్ములిద్దరిని స్ప్రూ అనే జబ్బు కొద్ది రోజుల తేడాతో పొట్టన పెట్టుకుంది. ఆయుర్వేదంలో గ్రహణి అని చెప్పే జబ్బుకు దగ్గరగా ఉండే వ్యాధి ఇది. నెలల తరబడి జిడ్డు విరేచనాలు, నోటిపూత, తిన్నది ఒంటబట్టకపోవడం, రక్తం తగ్గి మనిషి చిక్కి శల్యమవడం దీని లక్షణాలు. కొంతకాలానికి సుబ్బారావుకూ అదే పట్టుకుంది. అల్లోపతి, ఆయుర్వేదం రెండూ తెలిసిన ఆచంట లక్ష్మీపతి వైద్యంతో ఆయన కోలుకున్నారు.

మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు దుస్తులతో శస్త్రచికిత్స తరగతికి వెళ్లినందుకు ఆచార్యుడు బ్రాడ్‌ఫీల్డ్ ఆగ్రహానికి గురైన ఆయనకు ఎంబీబీఎస్ బదులు ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. ఆ పట్టాతో ప్రభుత్వ వైద్య సేవలో చోటు దొరకక మద్రాసు ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం బోధించారు. 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతిని రూపొందించారు. 1940లో లెడర్లీ ప్రయోగశాలకు మారారు. అక్కడ ఆయన నాయకత్వంలోని బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగి పేగులు గ్రహించలేకపోయే పోషకాల్లో ఇది ముఖ్యమైనది. దాని లోటువల్లే ఎర్ర రక్తకణాలు ఉబ్బి, సంఖ్యలో తగ్గిపోతాయి. ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమైనాప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాల నుంచే వచ్చింది. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు దాన్ని వాడి, కొందరిలో జబ్బు తాత్కాలికంగా తగ్గిందని ప్రకటించారు. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు.

ఆ తరం విద్యార్థికి స్ప్రూ గురించి పుస్తకం చెప్పింది చాలా తక్కువ. ఉష్ణదేశాలకు వచ్చిన ఐరోపావారికి పట్టే జబ్బుగానే ఆ కాలపు రచనల్లో దానికి పేరు. ఊళ్లో చనిపోతున్నవారికీ అదే జబ్బు కావచ్చన్న ఊహ ఆ పేజీల్లో ఉండేది కాదు.

బోదకాలు నేర్పిన పాఠం

డెల్టాలో నిలిచిపోయిన మురుగునీరు క్యూలెక్స్ దోమకు పుట్టిల్లు. అది మోసుకొచ్చే ఫైలేరియా క్రిమి లసిక నాళాల్లో చేరి ఏళ్ల తరబడి ఉంటుంది. కాలు, చేయి, వృషణాలు వాయడం అందరికీ తెలిసిన రూపం. 1955లో జాతీయ ఫైలేరియా నియంత్రణ కార్యక్రమం మొదలైంది. ఈ కార్యక్రమానికి సిబ్బందిని తయారుచేసే శిక్షణ, పరిశోధన కేంద్రాల్లో ఒకటి రాజమండ్రిలో నెలకొంది. కోళికోడ్, వారణాసిలలో మిగతావి ఉండేవి.

ఇక్కడ శిక్షణ పొందినవారికి మొదట అబ్బవలసిన విద్య వేళ తెలిసి మసలడం. ఈ క్రిమి పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి బాగా పొద్దుపోయాక వేళ్ల చివరి రక్తంలోకి వస్తాయి. అందుకే సిబ్బంది రాత్రి పది దాటాక లాంతరో టార్చిలైటో పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, నిద్రపోతున్నవారిని లేపి, వేలు పొడిచి గాజుపలక మీద రక్తపు చుక్క తీసేవారు. అదే మనిషి రక్తాన్ని మధ్యాహ్నం పరీక్షిస్తే జబ్బు లేదని రావచ్చు. ఈ జబ్బుకు వాడే డైఇథైల్‌కార్బమజైన్, అంటే డీఈసీ మాత్ర, 1947లో సుబ్బారావు ప్రయోగశాల నుంచే వెలువడింది. భీమవరంలో పుట్టిన మనిషి కనుగొన్న మందు ఆయన సొంత జిల్లాలో వీధివీధికీ చేరింది. 2004 నుంచి ఏటా ఒకసారి ఊరందరికీ మందు మింగించే సామూహిక పంపిణీ దేశంలో ఈ జబ్బున్న ప్రాంతాలకు విస్తరించింది.

ఇంత వ్యాప్తిలో ఉన్న జబ్బుకే అరుదైన రూపాలూ ఉన్నాయి. ఉష్ణమండల ఇసినోఫిలియా వాటిలో ఒకటి. రాత్రుళ్లు ఆగని దగ్గు, పిల్లికూతలు, సన్నటి జ్వరం, ఎక్స్‌రేలో మచ్చలు కనిపిస్తాయి. చూడగానే క్షయ అనిపిస్తుంది. 1940లో మదనపల్లె దగ్గర ఆరోగ్యవరం శానటోరియం వైద్యులు ఫ్రిమోట్ మోలర్, బార్టన్ ఈ స్థితిని క్షయ నుంచి వేరుచేసి వర్ణించారు. ఫైలేరియా క్రిమికి శరీరం అతిగా స్పందించడమే దీనికి మూలమని తరువాత తేలింది. రక్తంలో ఇసినోఫిల్ కణాలు లెక్కిస్తే గుట్టు బయటపడుతుంది, డీఈసీతో తగ్గుతుంది. లెక్కించకపోతే రోగి నెలల తరబడి క్షయ మందులు మింగుతాడు. పాలలాంటి మూత్రం పోవడం మరో రూపం. ఫైలేరియా ప్రాంతంలో చదివిన విద్యార్థికి ఇవి తెలిసి ఉండాలి. ఫైలేరియా లేని ఊళ్లో చదివినవాడికి ఇవి పరీక్ష ముందు రోజు తిరగేసే పేరాలు.

దగ్గర సంబంధం, జంట గీత

దక్షిణాదిన మేనమామ కూతురిని చేసుకునే ఆచారాన్ని బౌధాయన ధర్మసూత్రమే ప్రస్తావించింది. గోదావరి జిల్లాల్లో మేనరికంతో పాటు అక్క కూతురిని చేసుకోవడం కూడా చాలా కులాల్లో ఉండేది. పొలం బయటికి పోదని, పిల్ల కళ్లెదుటే ఉంటుందని పెద్దలు చెప్పే కారణాలు. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లోనూ ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు నాలుగో వంతు పెళ్లిళ్లు రక్తసంబంధంలో జరిగినవే.

ఈ ఆచారానికీ అరుదైన జబ్బుకూ ఉన్న లంకెను 1902లో లండన్ వైద్యుడు ఆర్చిబాల్డ్ గారడ్ గమనించారు. గాలి తగిలితే మూత్రం నల్లబడే ఆల్కాప్టోన్యూరియా, దగ్గరి బంధువుల సంతానంలో ఎక్కువగా కనిపిస్తోందని ఆయన రాశారు. లెక్క ఇలా ఉంటుంది. ఒక లోపభూయిష్ట జన్యువు ప్రతి 200 జన్యు ప్రతుల్లో ఒకటి చొప్పున ఉందనుకుంటే, బయటి సంబంధాల్లో పుట్టే ప్రతి 40 వేల మంది పిల్లల్లో ఒకరికి జబ్బు రావచ్చు. మేనరికంలో ఆ అవకాశం దాదాపు 3 వేలకు ఒకటి. మేనమామ–మేనకోడలి పెళ్లిలో సుమారు 1,550కి ఒకటి. జబ్బు ఎంత అరుదైతే ఈ తేడా అంత పెరుగుతుంది. అలాగని దగ్గర సంబంధాల్లో పుట్టేవారంతా రోగులు కారు, అత్యధికులు ఆరోగ్యంగానే ఉంటారు. ఈ రెండో మాట చెప్పకుండా మొదటి మాట చెబితే ఇల్లాలి మీద నింద పడుతుంది.

ఆంధ్రలో ఈ విషయాన్ని శాస్త్రీయంగా చూసినవారిలో పిఠాపురంలో 1937లో పుట్టిన ద్రోణంరాజు కృష్ణారావు ముఖ్యులు. 1957లో బ్రిటన్ వదిలి కలకత్తా భారత గణాంక సంస్థలో చేరిన జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్‌కు ఆయన శిష్యుడయ్యారు. చెవుల అంచుల మీద వెంట్రుకలు పెరిగే లక్షణం తండ్రి నుంచి కొడుకులకే వస్తోందని ఆంధ్ర కుటుంబాల వంశవృక్షాలతో 1960లో ఒక వ్యాసం ప్రచురించారు. వై క్రోమోజోమ్ ద్వారా వచ్చే లక్షణానికి ఉదాహరణగా అది పాఠ్యపుస్తకాలకెక్కింది. దక్షిణ భారతీయుల మీదే 2004లో జరిగిన అణు జన్యు పరిశోధన ఆ వాదన నిలవదని చూపింది. పి. మీరా ఖాన్‌తో కలిసి ఆంధ్రలో రక్తసంబంధ వివాహాల తరచుదనం, వాటి ఫలితాల మీద ఆయన 1963లో వెలువరించిన అధ్యయనం మాత్రం ఆ రంగంలో తొలినాటి ఆధారాల్లో ఒకటిగా నిలిచింది.

ఆ పరిశోధకుల పనిముట్టు కాగితం, పెన్సిలు. మగవాడికి చతురస్రం, ఆడమనిషికి వృత్తం, జబ్బున్నవారిని నల్లగా నింపడం, పెళ్లికి అడ్డగీత, రక్తసంబంధమైతే జంట గీత. ఈ బొమ్మ గీయడానికి రోగి తల్లిని అడగవలసిన ప్రశ్న చిన్నది: "మీది దగ్గర సంబంధమా, బయటి సంబంధమా?" అంతటితో ఆగకుండా మేనత్త కొడుకా, మేనమామా, ఇంతకుముందు పుట్టి పోయిన బిడ్డలున్నారా అని కూడా అడగాలి. పోయిన బిడ్డ సంగతి చాలామంది తల్లులు అడిగితే తప్ప చెప్పరు.

మత్తుమందు బల్ల మీద

ఒక సామాజిక వర్గం బయటి సంబంధాలు చేసుకోకుండా తరతరాలుగా తనలో తానే పెళ్లిళ్లు చేసుకుంటే, మూలపురుషుల్లో ఎవరికో ఉన్న జన్యులోపం ఆ వర్గంలో పేరుకుపోతుంది. డెల్టాకు చాలా దగ్గరి ఉదాహరణ ఆర్యవైశ్యులది. పశ్చిమ గోదావరి పెనుగొండ వారికి పుణ్యక్షేత్రం. గోత్రాలు దాటి, కులం దాటకుండా జరిగిన పెళ్లిళ్లవల్ల బ్యూటిరిల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైము లోపం వీరిలో ఇతరులకంటే దాదాపు వంద రెట్లు ఎక్కువని తేలింది. హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 నాటి దక్షిణాసియా జన్యు అధ్యయనం దీన్నే ప్రధాన ఉదాహరణగా చూపింది.

ఈ లోపం ఉన్నవారికి రోజువారీ జీవితంలో ఇబ్బందేమీ ఉండదు. చిక్కంతా ఆపరేషన్ థియేటర్‌లో వస్తుంది. గొట్టం వేసే ముందు కండరాలు సడలడానికి మత్తు డాక్టర్లు స్కోలిన్ ఇంజెక్షన్ ఇస్తారు. మామూలు మనిషిలో ఆ ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది, ఊపిరి తిరిగి వస్తుంది. ఎంజైము లేనివారిలో గంటలు గడిచినా ఛాతీ కదలదు. వెంటిలేటర్ మీద ఉంచి, మత్తు కొనసాగిస్తూ, మందు తనంతట తాను దిగేదాకా ఓపిక పట్టాలి. సంగతి తెలియనివారు కంగారుపడతారు. తెలిసినవారు ముందే ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తరువాత మెలకువ, ఊపిరి ఆలస్యమైందా అని అడిగి వేరే మందు వాడతారు. కోస్తా ఆంధ్రలో శిక్షణ పొందే మత్తు వైద్య విద్యార్థికి ఈ ప్రశ్న తప్పనిసరి. ఇంగ్లండులో రాసిన పుస్తకంలో దీనికి ఇంత ప్రాధాన్యం దొరకదు.

ఏజెన్సీ నుంచి వచ్చే నొప్పులు

డెల్టాకు ఎగువన పాపికొండలు, రంపచోడవరం ఏజెన్సీ. కోయలు, కొండరెడ్లు ఉండే ఈ ప్రాంతానికి డెల్టా పట్టణాలే పెద్దాసుపత్రులు. గిరిజన జనాభాల్లో తరచుగా కనిపించే సికిల్ సెల్ రక్తహీనత మైదాన ప్రాంత విద్యార్థికి అరుదైన వ్యాధి. దీన్ని మొదట చూసిన కన్ను కూడా శిక్షణలో ఉన్నవాడిదే. 1904లో షికాగో ఆసుపత్రిలో ఎర్నెస్ట్ ఐరన్స్ అనే ఇంటర్న్ ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారపు కణాలను గమనించాడు. అతని పై వైద్యుడు జేమ్స్ హెరిక్ 1910లో ఆ కేసును ప్రచురించారు. భారతదేశంలో ఈ కణాలను 1952లో నీలగిరి గిరిజనుల్లో లేమన్, కట్‌బుష్ గుర్తించారు.

ఈ పిల్లలు కీళ్ల నొప్పులతోనో, పచ్చకళ్లతోనో, మాటిమాటికీ జ్వరంతోనో వస్తారు. కీళ్లవాతమనో కామెర్లనో మందిచ్చి పంపడం తేలిక. ఊరు, తెగ అడిగి ఒక చుక్క రక్తంతో సాల్యుబిలిటీ పరీక్ష చేయిస్తే అనుమానం బలపడుతుంది, ఆపై హెచ్‌పీఎల్‌సీ పరీక్ష నిర్ధారిస్తుంది. 2023 జులై 1న మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్ 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు జరపాలని, 2047 నాటికి ఈ జబ్బును ప్రజారోగ్య సమస్యగా లేకుండా చేయాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ పరీక్షల భారం ఎక్కువగా ఏఎన్‌ఎంలు, ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సుల మీదే ఉంది. కాబట్టి ఈ చదువు ఎంబీబీఎస్ గదికే పరిమితమైతే చాలదు.

కళాశాలలు, పాఠ్యక్రమం

డెల్టా గడ్డ మీద ఎంబీబీఎస్ చదువు 1958లో కాకినాడ రంగరాయ వైద్య కళాశాలతో మొదలైంది. దాతల చేయూతతో పుట్టిన ఆ సంస్థ తరువాత ప్రభుత్వపరమైంది. 1986లో విజయవాడలో ఆరోగ్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక రాష్ట్రంలోని వైద్య, నర్సింగ్ చదువుల పరీక్షలు ఒక గొడుగు కిందికి వచ్చాయి. 1999లో ఏలూరులో ఆశ్రమ్, ఆ తరువాత రాజానగరంలో జీఎస్ఎల్, అమలాపురంలో కిమ్స్ ప్రైవేటు రంగంలో వెలిశాయి. 2023లో రాజమండ్రి, ఏలూరుల్లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి.

ఈ కళాశాలలన్నిటా అరుదైన వ్యాధుల బోధన దశాబ్దాల పాటు ఒకే తీరుగా సాగింది. మొదటి ఏడు బయోకెమిస్ట్రీలో ఫినైల్‌కీటోన్యూరియా, ఆల్కాప్టోన్యూరియా, గాషే వ్యాధి పేర్లు, లోపించిన ఎంజైముల పేర్లు పట్టికగా నేర్చుకోవడం, మూడేళ్లు గడిచాక పిల్లల వార్డులో అడుగుపెట్టే సరికి మరిచిపోవడం. ప్రాక్టికల్ పరీక్షలో లాంగ్ కేసుకు గుండె కవాటాల జబ్బో, పక్షవాతమో, పొట్టలో నీరు చేరిన రోగో దొరికేవారు. అరుదైన జబ్బు బల్ల మీద పెట్టిన ఫోటోగా, స్పాటర్‌గా మాత్రమే ఎదురయ్యేది. ఒక నిమిషంలో పేరు రాసి ముందుకు జరిగితే మార్కులు వచ్చేవి. తప్పక తెలియాలి, తెలిస్తే మంచిది, తెలిసినా తెలియకపోయినా ఫరవాలేదు అన్న మూడు అంతస్తుల విభజనలో ఇవి సాధారణంగా కింది అంతస్తులోనే మిగిలాయి.

2019లో సామర్థ్యాధారిత పాఠ్యక్రమం వచ్చాక బోధన మొదటి ఏడాది నుంచే రోగి దగ్గరకు జరిగింది. డౌన్ సిండ్రోమ్ వంటి క్రోమోజోమ్ లోపాల గుర్తింపు, తల్లిదండ్రులకు సలహా చెప్పడం పిల్లల వైద్యంలో నేర్వవలసిన సామర్థ్యాలయ్యాయి. ఆపై వచ్చిన కుటుంబ దత్తత కార్యక్రమంలో విద్యార్థి కొన్ని గ్రామీణ కుటుంబాలను చదువు పొడవునా చూస్తాడు. ఒక ఇంట్లో రెండు మూడు తరాలను కలిసి మాట్లాడే అవకాశం వార్డులో దొరకదు, ఇక్కడ దొరుకుతుంది.

అంతకుముందే 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 18 ఏళ్లలోపు పిల్లల్లో 30 ఆరోగ్య సమస్యలను అంగన్‌వాడీల్లో, బడుల్లో వెతికే సంచార బృందాలను ఏర్పరచింది. వాటిలో ఆయుష్ వైద్యులు, ఫార్మసిస్టు, ఏఎన్‌ఎం ఉంటారు. అరుదైన జబ్బున్న బిడ్డను ముందుగా చూసేది వీరే కావచ్చు. పుట్టగానే మడమ నుంచి తీసిన రక్తపు చుక్కతో పరీక్షిస్తే ఇంకా ముందే తెలుస్తుంది. హైదరాబాద్ ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రుల్లో 18,300 మంది నవజాత శిశువులపై రాధా రమాదేవి, నౌషాద్ జరిపిన పరీక్షల్లో జీవక్రియా లోపాలు దాదాపు వెయ్యికి ఒకటి చొప్పున బయటపడ్డాయి. ఒక్కొక్కటిగా అరుదైనవి కలిస్తే అరుదు కావని ఆ ఫలితం చూపింది.

ఏలూరు, 2020

పుస్తకంలో లేని జబ్బు గుంపుగా వచ్చిపడితే వ్యవస్థ ఎలా స్పందిస్తుందో 2020 డిసెంబర్‌లో ఏలూరు చూసింది. 5వ తేదీ నుంచి వన్‌టౌన్ ప్రాంతంలో జనం ఉన్నట్టుండి ఫిట్స్ వచ్చి పడిపోయారు. మూర్ఛ కొద్ది నిమిషాలే ఉండేది, నోట నురగ, వాంతులు, ఆపైన మగత. కొద్ది రోజుల్లో 600 మందికి పైగా ఆసుపత్రికి చేరారు. చాలామంది త్వరగానే కోలుకుని ఇంటికి వెళ్లారు. కరోనా, మెదడువాపు పరీక్షల్లో కారణం దొరకలేదు. ఢిల్లీ ఎయిమ్స్‌కు పంపిన రక్త నమూనాల్లో సీసం, నికెల్ ఎక్కువగా కనిపించాయి. ఇతర సంస్థల పరిశీలనలు పురుగుమందుల అవశేషాలను వేలెత్తి చూపాయి.

జన్యు వ్యాధులకు దీనితో సంబంధం లేకపోయినా వైద్య విద్యకు సంబంధించిన పాఠం ఒకటే. కారణం తెలియకపోయినా మూర్ఛను ఆపడం తెలిసి ఉండాలి. చికిత్స మొదలుకాకముందే రక్తం, మూత్రం నమూనాలు తీసి దాచాలి. ఏ వీధి, ఏ నీరు, ఏ కూరగాయలు అన్న వివరాలు ఆ రోజే రాసుకోవాలి. ఆలస్యమైతే విషం శరీరం నుంచి వెళ్లిపోతుంది, దానితో పాటు ఆధారమూ పోతుంది.

విధానం, ఖర్చు, దారి

2021లో కేంద్రం జాతీయ అరుదైన వ్యాధుల విధానం ప్రకటించింది. వ్యాధులను మూడు వర్గాలు చేసింది: ఒక్కసారి చికిత్సతో నయమయ్యేవి, తక్కువ ఖర్చుతో దీర్ఘకాలం మందులు వాడవలసినవి, జీవితాంతం భారీ ఖర్చయ్యేవి. ఎంపిక చేసిన కేంద్రాల్లో చికిత్స పొందేవారికి సాయం 2022లో 50 లక్షల రూపాయల దాకా పెరిగింది. తెలుగు రాష్ట్రాల రోగులకు అందుబాటులో ఉన్న కేంద్రం హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి నడిపేది. 2022లో కోనసీమకు చెందిన ఒక చిన్నారికి గాషే వ్యాధి ఉందని తెలిసి, రాష్ట్ర ప్రభుత్వం కోటి రూపాయలు మంజూరు చేసింది. లోపించిన ఎంజైమును ఇంజెక్షన్ల ద్వారా భర్తీ చేసే చికిత్స అది. ఒక్కో ఇంజెక్షన్ ఖరీదు అప్పట్లో లక్ష రూపాయలు దాటింది. ఈ చికిత్సలో మొదటి మెట్టు గాషే అన్న పేరు ఒక వైద్యుడికి తట్టడమే. పొట్ట ఉబ్బి, కాలేయం, ప్లీహం పెరిగి, రక్తం తగ్గిన బిడ్డకు మలేరియా మందో టానిక్కో ఇచ్చి ఊరుకుంటే నిధులు ఉన్నా వాటిని అడిగేవారు ఉండరు.

డెల్టాలోని వైద్య, నర్సింగ్, ఫార్మసీ విద్యార్థికి ఇప్పుడు కావలసిన సన్నద్ధత ఈ చరిత్రలోనే ఉంది. వంశవృక్షం గీయడం, దగ్గర సంబంధం గురించి నింద ధ్వనించకుండా అడగడం, కులం, తెగ, ఊరు రోగ నిర్ణయానికి ఎందుకు అవసరమో తెలిసి అడగడం, పోయిన బిడ్డల సంగతి రాసుకోవడం, మందుకు తగ్గని మామూలు జబ్బును తిరిగి చూడడం, హైదరాబాద్ కేంద్రానికి ఏ కాగితాలతో పంపాలో తెలుసుకోవడం. ఖరీదైన జన్యు పరీక్షలు వీటి తరువాతే వస్తాయి. ఈ పనుల్లో చాలావాటికి కాగితం, పెన్సిలు, కాస్త తీరిక ఉంటే చాలు.